పదకొండో ముద్ర

కిసుములో వాన నాలుగింటికి వస్తుంది.
ఫైలు ఎప్పుడొస్తుందో
వానదేవుణ్ణడిగినా చెప్పలేడు.

నేను ఫైళ్లు మోసేదాన్ని.
ఈ గది నుంచి ఆ గదికి, కింది నుంచి పైకి,
ఇరవై రెండేళ్లు.
ఏ మెట్టు విరిగిందో చీకట్లో కూడా చెప్పగలను,
నా మోకాళ్లనడగండి.

రెండో అంతస్తులో ఒబుయా గారి బల్ల.
దాని మీద పదకొండో ముద్ర.
తక్కిన పదీ వేరే గదుల్లో,
ఒకటి నైరోబీలో,
ఒకటి మాత్రం, దాన్ని వేసే మనిషితో పాటు
సెలవులో.

ఆ పిల్ల పేరు అవినో న్యాంగ్‌వేసో.
చేసింది సబ్బుబిళ్లంత డబ్బా.
మంచుపెట్టెలో చేపల కింద పడేస్తే
నడి సరస్సులోంచి ఫోనుకి కబురు చెబుతుంది:
మంచు కరుగుతోంది,
ఇంకో రెండు గంటలైతే
రాత్రంతా పడ్డ కష్టం కంపు కొడుతుంది,
ఒడ్డుకు తిప్పు.

అంత చిన్న మాటకి
గాల్లో తరంగం కదిలినందుకు ఒక శాఖ,
నీళ్ల మీద తేలినందుకు ఒకటి,
తినేదాన్ని తాకినందుకు ఇంకొకటి.
తూకాల వాళ్లకీ ఓ కాపీ,
అది దేన్నీ తూచకపోయినా.

పద్నాలుగు నెలలు.
చెప్పులరిగాయి అనడం మర్యాదకి.
అరిగింది అప్పిచ్చిన మేనమామ ఓపిక.
సర్క్యూట్లు అతికే కుర్రాళ్లిద్దరూ
కంపాలా బస్సెక్కారు.
మూతలు అచ్చుపోసే ఓచోలా
అచ్చులమ్మేసి మోటారుసైకిలు కొని
స్టేజి దగ్గర బేరాల కోసం నిలబడ్డాడు.
ఆమె ఫైలు మాత్రం లావెక్కింది.
నేనే కదా ఎత్తుకు తిరిగింది,
చంటిబిడ్డలా.

జూన్‌లో చట్టం మారింది.
ఒక్క కిటికీ, ఒక్క ఫారం, ముప్పై రోజులు.
మౌనం అర్ధాంగీకారం అని విన్నాం చిన్నప్పటి నుంచీ.
ఇప్పుడు ముప్పై రోజులు గడిస్తే
ప్రభుత్వం మౌనం
పూర్తి అంగీకారమేనట.

ముద్రలన్నీ అట్టపెట్టెలో పోసి తాళం వేశారు.
గదులు ఖాళీ. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి,
ఆపమని ఉత్తర్వు రాలేదు.

అవినోకి పద్దెనిమిదో రోజునే వచ్చింది అనుమతి,
ఫోనులో, టింగుమని.
నమ్మక మూడుసార్లు చదివిందట.
కంపాలా నుంచి ఒకడు తిరిగొచ్చాడు.
రెండోవాడికి అక్కడ పెళ్లి కుదిరింది.

మొదటి నలభై డబ్బాలు
దుంగా రేవులో పడవలెక్కే రోజు
ఒబుయా గారొచ్చారు, ఇస్త్రీ చొక్కాతో,
చేతులేం చేసుకోవాలో తెలియనట్టు.
ఒక డబ్బా తీసి చెవి దగ్గర ఊపి,
"పడవ దరి తగిలి ఇది చిట్లితే
బ్యాటరీలో రసం చేపల్లోకి దిగదా, అమ్మా?"

పదకొండు ముద్రల్లో ఏదీ అడగలేదు ఆ మాట.
ఆయనదీ అడగలేదు.
కొత్త ఫారంలోనూ దానికి గడి లేదు.

అవినో నవ్వబోయి ఆగింది.
పడవల్లోంచి డబ్బాలు దింపించింది.
ఓచోలా ఆ పూట బండి బేరం మానుకుని
అరువు తెచ్చిన అచ్చుతో రబ్బరు తొడుగులు పోశాడు.
తొమ్మిది రోజులు పట్టింది.
జాలర్లు తిట్టారు. మేనమామ ఇంకా గట్టిగా.
పదో రోజు తెల్లారకముందే
మొదటి కబురొచ్చింది సరస్సు మీంచి:
మంచు బాగానే ఉంది.

ఇప్పుడు నేను ఆ ఒక్క కిటికీ దగ్గర కూర్చుంటాను.
మెట్లు లేవు. మోకాళ్లకి హాయి,
చేతులకే తోచదు.
జనం వస్తారు, పది నిమిషాల్లో వెళ్లిపోతారు,
కొందరికి అనుమానం, ఇంతేనా అని
గుమ్మం దగ్గర కాసేపు నిలబడతారు.

ప్రతి ఫారం అంచునా, గడుల బయట,
పెన్సిల్‌తో చిన్నగా రాస్తున్నాను:
పగిలితే?
ఎవరూ వద్దనలేదు.
ఎవరూ చూడలేదేమో.